ఒక చేత చేట, మరో చేత డబ్బా

ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో వార్తలు, సమాచార సంబంధాలు చూసే విభాగం సగం పత్రికాఫీసులా, సగం దివాణంలా ఉంటుంది. అక్కడ పనిచేసేవారిలో చాలామంది ఒకప్పుడు విలేకరులే. మొదటి వాక్యంలో ఏం పడాలో, శీర్షికను ఎక్కడ కోయాలో, ఏ ఫోటో పేజీకి నిలుస్తుందో వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. తేడా అల్లా ఒకటే. పత్రికలో రాసే విలేకరి తన కథనాన్ని అందులోని మనిషికి ముందుగా చూపించరు. ఇక్కడ మాత్రం ఎవరి గురించి రాశారో వారు చూసి సరే అన్న తర్వాతే కాగితం గడప దాటుతుంది. పరిశోధకులు చూస్తారు, విభాగాధిపతి చూస్తారు, వ్యవహారం కాస్త ఘాటుగా ఉంటే న్యాయ సలహాదారు, ఉపకులపతి కార్యాలయం కూడా చూస్తాయి. ఇన్ని చేతులు మారాక కూడా అందులో వార్త మిగిలి ఉందంటే అది రాసినవారి నేర్పే.

ఈ ఉద్యోగంలోని అసలు చిక్కు జీతంలోనే ఉంది. సొమ్ము ప్రజలది, చెక్కు మీద సంతకం పాలకవర్గానిది. మామూలు రోజుల్లో ఈ ఇద్దరి అవసరాలూ కలిసే నడుస్తాయి. మంచి పరిశోధన గురించి ప్రజలకు తెలుస్తుంది, చేసిన సంస్థకు పేరు వస్తుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ రెండూ విడిపోయే రోజులు ఏడాదిలో నాలుగైదు వస్తాయేమో. విభాగం ఎవరి కోసం పనిచేస్తోందో తేలేది ఆ నాలుగైదు రోజుల్లోనే. స్నాతకోత్సవం ఫోటోలు ఎంత బాగా వచ్చాయన్నది అప్పుడు లెక్కలోకి రాదు.

పుట్టుకలోనే ఈ రెండు దారులూ కనిపిస్తాయి. 1900లో హార్వర్డ్, బోస్టన్‌లో అప్పుడే మొదలైన పబ్లిసిటీ బ్యూరో అనే సంస్థను తన ప్రచారానికి కుదుర్చుకుంది. అమెరికాలో తొలి ప్రచార సంస్థగా చెప్పేది దాన్నే. హార్వర్డ్ ప్రైవేటు విద్యాసంస్థ, దాని అవసరాలు దానివి. నాలుగేళ్ల తర్వాత అమెరికాలోనే విస్కాన్సిన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం వేరే ఆలోచన చేసింది. అధ్యక్షుడు చార్లెస్ వాన్ హైస్ కాలంలో, ఇంగ్లిషు బోధించే విల్లర్డ్ బ్లయర్ 1904లో ప్రెస్ బులెటిన్ ప్రారంభించారు. ప్రయోగశాలల్లో, వ్యవసాయ క్షేత్రాల్లో జరుగుతున్న పనిని మామూలు మాటల్లో చిన్న చిన్న వార్తలుగా రాసి రాష్ట్రంలోని పత్రికలకు పంపడం దాని పని. మరుసటి ఏడాదే బ్లయర్ అక్కడ జర్నలిజం పాఠాలు కూడా మొదలుపెట్టారు.

వాన్ హైస్ పట్టుదల ఏమిటంటే, విశ్వవిద్యాలయం వల్ల కలిగే మేలు రాష్ట్రంలోని ప్రతి కుటుంబానికీ చేరాలి. అది గాలిలో కట్టిన మాట కాదు. అదే విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ బాబ్‌కాక్ 1890లో పాలలో వెన్న శాతాన్ని తేల్చే తేలికైన పరీక్షను కనిపెట్టారు. దాంతో పాల కేంద్రాలు బరువును కాక నాణ్యతను చూసి ధర కట్టగలిగాయి. నీళ్లు కలిపినవారికీ, చిక్కటి పాలు పోసినవారికీ ఒకటే లెక్క అనే అన్యాయం పోయింది. ఇలాంటి పరీక్ష ఉందని రైతుకు తెలియకపోతే అది లేనట్టే. విశ్వవిద్యాలయ వార్తకు ఇంతకన్నా బలమైన సమర్థన ఆ తర్వాత ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు వాడే పెద్ద పెద్ద మాటలు ఎన్ని ఉన్నా.

ఆ విశ్వవిద్యాలయానిదే మరో సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఆర్థికశాస్త్ర ఆచార్యుడు రిచర్డ్ ఈలీ మీద వచ్చిన ఆరోపణలను కొట్టివేస్తూ 1894లో పాలకమండలి ఒక నివేదిక ఇచ్చింది. సత్యం దొరికే దారి ఒక్కటే, నిరంతరంగా, నిర్భయంగా జల్లెడ పట్టడం, తూర్పారబట్టడం అని అందులో రాసింది. ఆ వాక్యం కంచు ఫలకంగా ఇప్పటికీ అక్కడి బాస్కం హాల్ గోడ మీద ఉంది. తెలుగులో ఈ మాటకు అదృష్టవశాత్తు రెండు అర్థాలున్నాయి. తూర్పారబట్టడమంటే తాలును గాలికి వదిలి గింజను నిలుపుకోవడం. మొహమాటం లేకుండా కడిగేయడమూ తూర్పారబట్టడమే. విశ్వవిద్యాలయం చేతిలో ఉండాల్సింది ఆ చేట. ప్రచార విభాగం చేతికి అలవోకగా వచ్చేది డబ్బా. రెండూ ఒకే కార్యాలయంలో ఉండటమే ఈ పనిని ఆసక్తికరంగానూ, ప్రమాదకరంగానూ చేస్తుంది.

పరిశోధన వార్త బయటికి వచ్చే పద్ధతి చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. పరిశోధన పత్రం జర్నల్‌కు వెళ్తుంది, తోటి నిపుణులు పరీక్షిస్తారు, అచ్చుకు తేదీ ఖరారవుతుంది. అప్పుడు విశ్వవిద్యాలయం ప్రకటన తయారు చేసి, ఫలానా రోజు ఫలానా గంట వరకు వాడకూడదన్న షరతుతో విలేకరులకు ముందే ఇస్తుంది. దీన్నే ఎంబార్గో అంటారు. చదవడానికి, వేరే నిపుణులను అడగడానికి వ్యవధి దొరుకుతుందన్నది దీని ఉద్దేశం. 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ సంపాదకుడు ఫ్రాంజ్ ఇంగెల్‌ఫింగర్, వేరేచోట ముందే వెలువడిన ఫలితాలను తమ జర్నల్ అచ్చు వేయదని గీత గీశారు. దాంతో శాస్త్రవేత్తల నోటికి తాళం పడింది, ఎంబార్గోకు బలం వచ్చింది. 1996లో అమెరికా విజ్ఞానశాస్త్రాభివృద్ధి సంఘం యురేకాలర్ట్ అనే ఇంటర్నెట్ సేవను ప్రారంభించాక ఈ ప్రకటనలన్నీ ఒకే గుమ్మం ముందు క్యూ కట్టాయి. 2016 సెప్టెంబరులో ఎవరో దాని భద్రతను ఛేదించి ఎంబార్గోలో ఉన్న ప్రకటనలను బయటపెట్టడంతో కొన్ని రోజులు దాన్ని మూసేయాల్సి వచ్చింది. శాస్త్ర వార్తల ప్రవాహం ఎంత సన్నని గొట్టంలోంచి వస్తోందో అప్పుడు చాలామందికి తెలిసింది.

ఈ క్రమాన్ని పక్కకు తోసేస్తే ఏమవుతుందో 1989 మార్చి 23న యూటా విశ్వవిద్యాలయం చూపించింది. స్టాన్లీ పాన్స్, మార్టిన్ ఫ్లైష్‌మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలతో సాల్ట్ లేక్ సిటీలో విలేకరుల సమావేశం పెట్టించింది. భారజలంలో పల్లాడియం కడ్డీని ముంచి విద్యుత్తు పంపితే అణు సంలీనం జరిగి అదనపు వేడి పుడుతోందని వారు ప్రకటించారు. సూర్యుడిలో జరిగే పని బల్ల మీది గాజుపాత్రలో జరుగుతోందన్న మాట అది. దానికే శీతల సంలీనం అని పేరు పడింది. పరిశోధన పత్రం అప్పటికి అచ్చు కాలేదు. పొరుగునే ఉన్న బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ జోన్స్ ఇలాంటి ప్రయోగాలే చేస్తున్నారు. తొలి కర్తృత్వం, పేటెంటు చేజారిపోతాయేమోనన్న భయం యాజమాన్యాన్ని తరిమింది.

వారాలు గడవకముందే రాష్ట్ర శాసనసభ 50 లక్షల డాలర్లు కేటాయించింది. దేశదేశాల ప్రయోగశాలలు పత్రం చేతిలో లేకుండానే, పత్రికల్లో వచ్చిన బొమ్మలు చూసి ప్రయోగాన్ని తిరిగి చేయడానికి తంటాలు పడ్డాయి. మే 1న బాల్టిమోర్‌లో అమెరికన్ ఫిజికల్ సొసైటీ సమావేశంలో భౌతిక శాస్త్రవేత్తలు ఆ వాదనను నిజంగానే తూర్పారబట్టారు. విశ్వవిద్యాలయం ఆర్భాటంగా పెట్టిన జాతీయ శీతల సంలీన సంస్థ 1991లో మూతపడింది. ఈలోగా అజ్ఞాత దాత ఇచ్చారని చెప్పిన 5 లక్షల డాలర్లు విశ్వవిద్యాలయపు సొంత నిధుల నుంచే మళ్లించినవని తేలింది. ఇందులో ప్రకటన రాసినవారి భాషకు వంక పెట్టడానికేమీ లేదు. తప్పు ముహూర్తంలో ఉంది. జల్లెడ పట్టకముందే గాదె నింపేశామని చాటించారు. ఆ రోజు వార్తా విభాగంలో ఎవరో ఒకరు 'పత్రం అచ్చయ్యేదాకా ఆగుదాం' అని గట్టిగా అనగలిగే స్థితిలో ఉన్నారా అన్నదే తర్వాతి తరాలు అడగాల్సిన ప్రశ్న.

యూటా కథ పెద్దది కాబట్టి అందరికీ గుర్తుంది. రోజూ జరిగే చిన్న అతిశయోక్తులను ఎవరూ గుర్తుపెట్టుకోరు. వాటిని లెక్క కట్టింది కార్డిఫ్ విశ్వవిద్యాలయంలోని పెట్రాక్ సమ్నర్ బృందం. బ్రిటన్‌లోని 20 ప్రముఖ విశ్వవిద్యాలయాలు 2011లో ఆరోగ్య శాస్త్రాల మీద విడుదల చేసిన 462 పత్రికా ప్రకటనలను, వాటి ఆధారంగా వచ్చిన వార్తలను, అసలు పరిశోధన పత్రాలను పక్కపక్కన పెట్టి చదివారు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు వచ్చాయి. 40 శాతం ప్రకటనల్లో పాఠకులకు ఇచ్చిన సలహా పరిశోధన చెప్పినదానికన్నా మీరిపోయింది. 33 శాతంలో రెండు విషయాల మధ్య కనిపించిన సంబంధాన్ని కార్యకారణంగా మార్చేశారు. 36 శాతంలో జంతువులలో తేలినదాన్ని మనుషులకు అంటగట్టారు.

అసలు దెబ్బ ఆ తర్వాతి అంకెల్లో ఉంది. జంతువుల నుంచి మనుషులకు గెంతిన ప్రకటనల ఆధారంగా వచ్చిన వార్తల్లో 86 శాతం అదే గెంతు గెంతాయి. ప్రకటన నిగ్రహం పాటించినప్పుడు అలా గెంతిన వార్తలు 10 శాతమే. కార్యకారణాల విషయంలో ఈ అంకెలు 81, 18. శాస్త్ర వార్తలను పాడుచేసేది పత్రికలవారేనని దశాబ్దాలుగా ఆచార్యులు నిందిస్తూ వచ్చారు. తీరా చూస్తే తాలు కలిసింది పొలంలోనే, అంగట్లో కాదు. ఆ ప్రకటనలను గడప దాటకముందు పరిశోధకులు చూసి సరే అన్నారన్నది కూడా మరవకూడదు. రాసినవారొక్కరిదే తప్పు అనడానికి వీల్లేదు.

అతిశయోక్తి లేకపోతే పత్రికలు పట్టించుకోవన్నది ఈ వృత్తిలో అందరూ నమ్మే మాట. అది కూడా నిలవలేదు. అదే కార్డిఫ్ వర్గం 2019లో మరో ప్రయోగం ప్రచురించింది. ప్రెస్ ఆఫీసులతో కలిసి ఆరోగ్య ప్రకటనల శీర్షికలను, వాదనలను ఆధారానికి తగినట్టు సరిదిద్ది పంపిస్తే వార్తలు తగ్గలేదు. అంటే పెంచి చెప్పడం వల్ల పాపమే తప్ప ఫలం కూడా లేదు. బ్రిటన్‌లో 2018 నుంచి కొన్ని ప్రకటనల తలమీద చిన్న పట్టీ కనిపిస్తోంది. నిపుణుల సమీక్ష జరిగిందా, ఎలాంటి అధ్యయనం, మనుషుల మీదా జంతువుల మీదా అని మూడు ముక్కల్లో చెప్పేస్తుంది. అకాడమీ ఆఫ్ మెడికల్ సైన్సెస్ సూచనతో వచ్చిన ఏర్పాటు అది. చూడటానికి మందు సీసా మీది చీటీలా ఉంటుంది. ఎలుక అన్న మాట ఏడో పేరాలో దాక్కునే అవకాశం మాత్రం పోయింది.

ఇదంతా ఇప్పుడు మరింత బరువెక్కడానికి కారణం పత్రికల పరిస్థితి. శాస్త్ర, విద్యా రంగాలకు ప్రత్యేక విలేకరిని పెట్టుకునే పత్రికలు తగ్గాయి. పంపిన ప్రకటన ఒక్క అక్షరం మారకుండా అచ్చవడం అరుదైన సంగతేమీ కాదు. జల్లెడ పట్టేవారు అవతల ఉన్నారన్న ధీమా పోయింది. విశ్వవిద్యాలయాలు ఈ ఖాళీని తామే నింపడం మొదలుపెట్టాయి. 2009లో డ్యూక్, స్టాన్‌ఫర్డ్, రోచెస్టర్ విశ్వవిద్యాలయాలు ముందుండి ఫ్యూచురిటీ అనే వార్తా వేదికను తెచ్చాయి. 2011లో ఆస్ట్రేలియాలో మొదలైన ది కాన్వర్సేషన్‌లో ఆచార్యులే రాస్తారు, పాత్రికేయులు దిద్దుతారు, ఎవరైనా ఉచితంగా తిరిగి ప్రచురించుకోవచ్చు. రెండోది మెరుగైన పద్ధతి. ప్రకటనలో సంస్థ మాట్లాడుతుంది, వ్యాసంలో మనిషి పేరు పెట్టుకుని మాట్లాడతాడు. తప్పయితే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

సంస్థ నోరు ఎప్పుడు తెరవాలన్నది వేరే గొడవ. 1967లో షికాగో విశ్వవిద్యాలయంలో హ్యారీ కాల్వెన్ కమిటీ, విశ్వవిద్యాలయం విమర్శకులకు ఇల్లే తప్ప తానే విమర్శకురాలు కాదని తేల్చింది. ప్రపంచంలో ఏది జరిగినా అధ్యక్షుడి పేరిట ఒక ఖండనో సంతాపమో సాయంత్రానికల్లా వండి వార్చే విభాగాలకు ఆ నివేదిక ఇప్పటికీ పనికొస్తుంది. 2023 ఫిబ్రవరిలో మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో కాల్పులు జరిగి విద్యార్థులు చనిపోయాక, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన పీబడీ కళాశాల నుంచి ఒక ఓదార్పు లేఖ వెళ్లింది. దాని అడుగున, ఇది చాట్‌జీపీటీ సాయంతో రాసినది అన్న గమనిక ఉంది. తర్వాత క్షమాపణ చెప్పారు. యంత్రం సాయం తీసుకున్నందుకు కన్నా, చెప్పడానికి సొంత మాట లేనప్పుడు లేఖ ఎందుకు పంపారన్నందుకు ఆ క్షమాపణ అవసరమైంది.

మాట కోసం వెతుక్కుంటూ కూర్చోకూడని సందర్భం ఒకటుంది. 2007 ఏప్రిల్ 16 ఉదయం సుమారు 7:15కు వర్జీనియా టెక్ వసతి గృహంలో ఇద్దరిని కాల్చారు. విద్యార్థులకు, సిబ్బందికి తొలి ఈమెయిల్ 9:26కు వెళ్లింది. అందులో కాల్పుల ఘటన జరిగిందని, జాగ్రత్తగా ఉండాలని ఉంది కానీ, కాల్చినవారు పట్టుబడలేదన్న మాట లేదు. 9:40 ప్రాంతంలో నారిస్ హాల్‌లో రెండోసారి కాల్పులు మొదలయ్యాయి. మొత్తం 32 మంది ప్రాణాలు పోయాయి. రెంటికీ మధ్య రెండు గంటలకు పైగా వ్యవధి ఉంది. మొదటి ఘటన వ్యక్తిగత తగాదా అని పోలీసులు అనుకున్నారు. హెచ్చరిక పంపాలంటే పోలీసులు నేరుగా పంపలేరు, పాలనాధికారుల బృందం కూర్చుని నిర్ణయించాలి. ఆ బృందం కూర్చుంది, చర్చించింది, వాక్యాలు సరిచూసింది. ప్రశాంత సమయంలో మంచి పద్ధతి అనిపించే ఆమోదాల వరుసే ఆ ఉదయం అడ్డుగోడ అయింది.

అమెరికాలో అప్పటికే క్లెరీ చట్టం ఉంది. 1986లో లీహై విశ్వవిద్యాలయ వసతి గృహంలో విద్యార్థిని జీన్ క్లెరీ హత్యకు గురైన ఉదంతంతో 1990లో వచ్చి, తర్వాత ఆమె పేరు పెట్టుకున్న ఆ చట్టం ప్రకారం, ఫెడరల్ సాయం అందుకునే కళాశాలలు ఆవరణలో జరిగిన నేరాల లెక్కలు బయటపెట్టాలి, ముప్పు ఉంటే సకాలంలో హెచ్చరించాలి. ఆ చట్టం కిందే వర్జీనియా టెక్‌కు జరిమానా పడింది. 2008 సవరణతో ముప్పు ఖాయమని తెలిసిన వెంటనే హెచ్చరించడం తప్పనిసరి అయింది. ఇప్పుడు చాలాచోట్ల హెచ్చరిక వాక్యాలను ముందే రాసి ఖాళీలు వదిలి ఉంచుతారు, వాటిని పంపే అధికారం రాత్రి విధుల్లో ఉన్నవారికీ ఉంటుంది. సమాచార విభాగం తన కలాన్ని వేరొకరి చేతికి ఇచ్చేయాల్సిన పని ఇదొక్కటే. నిజానికి ఈ విభాగాలు నేర్చుకున్న పాఠాల్లో ఇంత శుభ్రంగా ఒంటబట్టినది మరొకటి లేదు.

ప్రభుత్వ విశ్వవిద్యాలయం అన్నందుకు వచ్చే అసలైన తేడా కాగితాల దగ్గర ఉంది. అమెరికాలో రాష్ట్రాల పబ్లిక్ రికార్డుల చట్టాలు, బ్రిటన్‌లో 2005 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సమాచార స్వేచ్ఛ చట్టం, భారత్‌లో అదే ఏడాది వచ్చిన సమాచార హక్కు చట్టం, ఇవన్నీ విశ్వవిద్యాలయాల ఈమెయిళ్లను, ఒప్పందాలను, బిల్లులను పౌరుడు అడిగి తీసుకునే వస్తువులుగా మార్చాయి. ప్రకటన ఒక మాట చెప్పి, దాని వెనుక ఈమెయిల్ మరో మాట చెబితే రెండూ ఒకే పేజీలో అచ్చవుతాయి. 2009 నవంబరులో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయ వాతావరణ పరిశోధకుల ఈమెయిళ్లు వెయ్యికి పైగా చోరీ అయి బయటికి వచ్చాయి. 2010 జులైలో మ్యూర్ రస్సెల్ విచారణ శాస్త్రవేత్తల నిజాయితీకి, పనిలోని పట్టుకు వచ్చిన లోటేమీ లేదంది. అయితే సమాచారం అడిగినవారి విషయంలో వారిలోనూ, విశ్వవిద్యాలయంలోనూ తగినంత దాపరికంలేనితనం కనిపించలేదని గట్టిగానే చెప్పింది. సైన్సు గెలిచింది, దాన్ని వివరించాల్సినవారు ఓడిపోయారు. నెలల తరబడి జరిగిన నష్టాన్ని ఆ తీర్పు పూడ్చలేకపోయింది.

బొమ్మల విషయానికి వస్తే మళ్లీ విస్కాన్సిన్‌కే రావాలి. 2000లో అక్కడ ప్రవేశాల దరఖాస్తు పుస్తకం ముఖచిత్రంగా ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తూ కేరింతలు కొడుతున్న విద్యార్థుల ఫోటో వేశారు. గుంపంతా తెల్లజాతి వారే కావడంతో వేరే ఫోటోలోని ఒక నల్లజాతి విద్యార్థి ముఖాన్ని కంప్యూటర్లో కత్తిరించి అందులో అతికించారు. ఆ విద్యార్థి ఆ మ్యాచ్‌కు వెళ్లనే లేదు. సంగతి బయటపడ్డాక విశ్వవిద్యాలయం తప్పు ఒప్పుకుంది. వైవిధ్యం లేదన్న నిజాన్ని చెప్పడం కష్టం, ఉన్నట్టు అతికించడం తేలిక. తూర్పారబట్టమన్న కంచు ఫలకం ఉన్న ఆవరణలోనే ఈ పని జరిగింది.

2011 నవంబరు 18న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ఆవరణలో నేల మీద కూర్చుని నిరసన తెలుపుతున్న విద్యార్థుల ముఖాల మీద క్యాంపస్ పోలీసు అధికారి పెప్పర్ స్ప్రే కొట్టారు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. మరుసటి ఏడాది బాధిత విద్యార్థులతో పది లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. అక్కడితో ఆగినా సరిపోయేది. ఇంటర్నెట్‌లో విశ్వవిద్యాలయం పేరు వెతికితే ఈ ఘటన తాలూకు ఫలితాలు కిందికి పోయేలా చూడటానికి బయటి సంస్థలను కుదుర్చుకున్నారు. వాటిలో ఒకటి నెలకు 15,000 డాలర్ల చొప్పున ఆరు నెలల ఒప్పందం. 2016 ఏప్రిల్‌లో శాక్రమెంటో బీ పత్రిక పబ్లిక్ రికార్డుల చట్టం కింద ఆ కాగితాలు తెప్పించి, ఖర్చు కనీసం 1,75,000 డాలర్లని లెక్క తేల్చింది. ఆగస్టులో ఆ ఆవరణ అధిపతి, చాన్స్‌లర్ లిండా కటేహి రాజీనామా చేశారు. అప్పటి నుంచి ఆ విశ్వవిద్యాలయం పేరు పక్కన పెప్పర్ స్ప్రే అని కొట్టి వెతికినవారికి ఒకటి కాదు, రెండు వార్తలు దొరుకుతున్నాయి.